నొప్పిమాత్ర సంగతి అడుగక వాజీకరణమేల?

నా వైద్యశాలకు వచ్చు పురుషులలో నలుబది దాటినవారు పలువురు ఒకే మాటతో మొదలుపెట్టుదురు. “అయ్యా, నరాల బలహీనత” అని తల వంచుకొందురు. తెలుగునాట ఆ మాటకు అర్థము నరములకు సంబంధించినది కాదని వైద్యునికిని తెలియును, రోగికిని తెలియును. వైద్యుడు మరి ప్రశ్నలు వేయక, నాడి చూచి, అశ్వగంధ, దూలగొండి, నేలతాడి కలిపిన చూర్ణమొకటి కట్టి యిచ్చి, పాలతో పుచ్చుకొనుమని పంపును. దానితో ఇద్దరికిని సిగ్గు తప్పును. నేనును ఎన్నియో ఏండ్లు ఇట్లే పంపితిని. అది పొరపాటని నాకు నేర్పినది ఏ గ్రంథమును కాదు, ఒక నేతగాని భార్య. ఆ పొరపాటు మరియొక వైద్యుడు చేయకుండుటకును, మరియొక గృహస్థు దానికి బలి కాకుండుటకును ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

నేతగాని కథ

కొన్ని ఏండ్ల క్రిందట మంగళగిరి వైపు నుండి నలుబదిరెండేండ్ల చేనేత కార్మికుడొకడు వచ్చెను. మగ్గపు గుంటలో కాళ్లుంచి దినమునకు పది గంటలు కూర్చుండు వృత్తి. ఒంటిలో సత్తువ లేదనెను. మధ్యాహ్నమునకే నీరసము, నోరు ఎండుట, మలబద్ధము, ఏ పని మీదను మనసు నిలువకపోవుట ఉన్నవని చెప్పెను. చివరకు మెల్లగా, భార్య యెడల కోరిక చచ్చి ఏడాది దాటినదనెను. ఇంటిలో మాటామాటా పెరిగి, రాత్రులు అరుగు మీద పండుకొనుచున్నాడట. మొగము పాలిపోయి యుండెను.

శుక్రక్షయమని నిర్ణయించితిని. ఆహారము, నిద్ర, మలమూత్రములు, చింత, పొగ, మద్యము అన్నియు అడిగితిని. వాజీకరణ చూర్ణము ఒక మండలము ఇచ్చితిని. గుణము కానరాలేదు. మోతాదు పెంచి రెండవ మండలము ఇచ్చితిని. అప్పటికిని లేదు. మూడవసారి అతని భార్య వెంట వచ్చి, సంచిలో నుండి ఒక మాత్రల పట్టీ తీసి నా ముందుంచెను.

“అయ్యగారూ, నడుం నొప్పికని ఈయన రెండున్నరేళ్ల నుంచి ఇవి వేసుకుంటున్నారు. ఇవి లేకపోతే మగ్గం మీద కూర్చోలేరు. మీ మందుతో కలిపి వేసుకోవచ్చా అండీ?”

పట్టీ వెనుక చిన్న అక్షరములు కళ్లజోడు పెట్టుకొని చదివితిని. పారాసెటమాల్‌తో కలిపిన ట్రమడాల్. ఎవరో డాక్టరు పది దినములకు వ్రాసియిచ్చినది. తరువాత ఆ పాత చీటీ చూపియే మందుల దుకాణములో తెచ్చుకొనుచు, ఒకటి రెండై, రెండు నాలుగైనవి.

నేను అన్నియు అడిగితిని గాని, “నాయనా, నొప్పికి ఏ మాత్ర వేయుచున్నావు?” అని అడుగలేదు. దర్శన, స్పర్శన, ప్రశ్నములు మూడు పరీక్షలని నిత్యము చెప్పుకొను మేము, మూడవదానిలో ఒక్క ప్రశ్న విడిచినందువలన ఒక కుటుంబము ఎనుబది దినములు ఊరక పోగొట్టుకొన్నది.

ఏ మాత్రలు?

పాఠకులు కంగారుపడకుండుటకు ముందు ఇది స్పష్టము చేయవలెను. నొప్పిమాత్రలన్నియు ఒక జాతివి కావు. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మొదలగునవి వేరు వర్గము. వానికి వాని దోషములు వానికి కలవు గాని, నేను చెప్పునది వానిని గూర్చి కాదు. నేను చెప్పునవి నల్లమందు జాతివి. నల్లమందు నుండి తీసిన మార్ఫిన్, కోడీన్. దాని మార్గముననే పనిచేయునట్లు తయారు చేసిన ట్రమడాల్, టాపెంటడాల్, ఫెంటానిల్, మెథడోన్, బుప్రెనార్ఫిన్. వీనిని ఓపియాయిడ్లు అందురు. వీనిలో ట్రమడాల్ మన ఊళ్లలో మిక్కిలి పరిచితము. అది పారాసెటమాల్‌తో కలిసి వచ్చుటచే, “ఏదో నొప్పిబిళ్ల” అని జనులు భావించుచున్నారు. కావున పట్టీ వెనుక మందు పేరు చదువుట అవసరము.

ఇచట గసగసాల సంగతి కూడ ఒక మాట. నల్లమందు ఆ మొక్క పచ్చికాయను గీరినపుడు కారు పాలనుండి వచ్చునది. కూరలో వేయు గసగసాల వలన ఇప్పుడు చెప్పబోవు కీడు కలుగదు.

ఇది ఎట్లు జరుగును?

పురుషుని కోరికకు, కండబలమునకు, ఎముకల గట్టిదనమునకు, రక్తవృద్ధికి ఆధారమైన టెస్టోస్టెరాన్ అను రసము ముఖ్యముగా వృషణములలో పుట్టును. అయితే వృషణములు తమంతట తాము పనిచేయవు. మెదడులోని హైపోథాలమస్ అను భాగము గంట రెండు గంటల కొకసారి ఒక సంకేతమును పంపును. దానినందుకొని పీయూషగ్రంథి రెండు రసములను రక్తములోనికి విడుచును. అందొకటి వృషణములను టెస్టోస్టెరాన్ తయారుచేయ నియోగించును, రెండవది బీజోత్పత్తికి తోడ్పడును. ఊరి చెరువు, పెద్ద కాలువ, పొలములోని బోదె వంటి వరుస ఇది.

నల్లమందు జాతి మందు నొప్పిని అణచుటకు మెదడులో ఏ ద్వారములను పట్టుకొనునో, ఆ జాతి ద్వారములే హైపోథాలమస్ వద్దను ఉన్నవి. మందు అచట చేరగానే సంకేతము మందగించును. చెరువు వద్దనే తూము మూసినట్లగును. బోదెలో నీరు రాదు. వృషణములు ఆరోగ్యముగనే యుండును గాని వానికి ఆజ్ఞ రాదు. అప్పుడు వైద్యుడు వాజీకరణమిచ్చుట, తూము మూసియుండగా పొలములో ఎరువు చల్లుట వంటిది. నా చూర్ణము ఎందుకు పనిచేయలేదో ఆ నేతగాని విషయములో నాకు అప్పుడు బోధపడినది.

ఈ మార్పునకు ఏండ్లు పట్టదు. మందు పుచ్చుకొన్న కొన్ని గంటలలోనే టెస్టోస్టెరాన్ తగ్గుట మొదలగును. నాలుగు దినములు వాడి మానినవానికి అది తిరిగి కుదురుకొనును. నెలల తరబడి వాడినవానికి తగ్గినది తగ్గియే యుండును. దినమంతయు నెమ్మదిగా విడుదలగు దీర్ఘకాల మాత్రలలో ఈ దోషము అధికము. బుప్రెనార్ఫిన్‌లో మెథడోన్‌కన్న తక్కువ.

ఇది నేటి మాట కాదు. 1975 లోనే అమెరికాలో మెథడోన్ వాడువారిని పరీక్షించి, వాడనివారితో పోల్చగా టెస్టోస్టెరాన్ నూటికి 43 వంతులు తక్కువగా నున్నదని ప్రకటించిరి. 2002 లో దీర్ఘకాల ఓపియాయిడ్ మాత్రలు వాడు 54 మంది పురుషులను చూడగా సుమారు నాలుగింట మూడు వంతుల మందిలో అది ఉండవలసినదానికన్న తక్కువగా నుండెను. 2015 లో 17 పరిశోధనలను కలిపి లెక్కించగా, ఈ మందులు వాడు పురుషులలో సగటున డెసిలీటరు రక్తమునకు 165 నానోగ్రాముల లోటు తేలెను. ఆరోగ్యవంతునిలో అది ఇంచుమించు 300 మొదలు 1000 వరకు ఉండునని గుర్తుంచుకొన్నచో ఈ లోటు ఎంతటిదో తెలియును. 2016 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ జాతి మందులన్నిటి వివరపత్రములలో దీర్ఘకాలము వాడినచో లైంగిక రసములు తగ్గునను హెచ్చరికను చేర్చుమని ఆదేశించెను. వివరపత్రము చదువు రోగి మనలో ఎంతమంది?

మన గ్రంథమున ఉన్నది, మన చేతిలో లేదు

ఇప్పుడు నా సిగ్గు చెప్పుకొనవలెను. చరక సుశ్రుతుల కాలమున నల్లమందు మనదేశ వైద్యమున లేదు. శార్ఙ్గధరుడు అహిఫేనమను పేర దానిని వ్యవాయి ద్రవ్యములకు ఉదాహరణగా చెప్పెను. అనగా జీర్ణము కాకముందే దేహమంతట వ్యాపించి, పిమ్మట పరిణామము చెందునది. పదునారవ శతాబ్దమున భావమిశ్రుడు గసగసాల కాయ పెంకును వర్ణించుచు, అది ధాతువులను శోషింపజేయునని, మత్తు కలిగించునని, సేవించుచుండినచో పుంస్త్వమును నశింపజేయునని స్పష్టముగా వ్రాసెను.

ఆ శ్లోకములను నేను పదునాలుగవ యేట గురువుగారి యింట, తెల్లవారుజామున, చలిలో వల్లించినవాడను. ఒక్క అక్షరము తప్పినను మరల మొదటినుండి చెప్పించెడివారు. నేటికిని నిద్రలో లేపి అడిగినను చెప్పగలను. అయినను, పుంస్త్వము నశించిన మనుష్యుడు నా యెదుట కూర్చున్నపుడు ఆ శ్లోకము నాకు జ్ఞప్తికి రాలేదు. నల్లమందు పసరుగా, ముద్దగా వచ్చిననే గుర్తించుటకు నేర్చితిని గాని, తెల్లని మాత్రయై వెండిపట్టీలో వచ్చినపుడు గుర్తింపలేకపోయితిని.

దీనిని విని “చూచితిరా, అన్నియు మన శాస్త్రములో ముందే ఉన్నవి” అని సంతోషించువారు కలరు. వారితో నేను ఏకీభవింపను. భావమిశ్రుడు ఫలమును చూచెను; మెదడులోని ఆ తూమును చూచినది ఆధునికులు. ఇరువురు చెప్పినదియు చేతిలో నుండగా రోగిని అడుగనివాడను నేను. గ్రంథమున నుండుట వైద్యము కాదు.

అంతకన్న కఠినమైన మాట మరియొకటి కలదు. నల్లమందును పుంస్త్వము కొరకే వాడిన యోగములు మన వైద్యములో కలవు. కామినీవిద్రావణ రసము వంటివి నల్లమందు చేరిన శుక్రస్తంభన యోగములు. ఆస్ట్రేలియాలో ఈ మాత్రలకు అలవాటుపడి, విడువలేక, వ్యసన చికిత్స కోరినవారి వృత్తాంతములు వైద్యపత్రికలలో వచ్చినవి. నేడు అదే ప్రయోజనమునకు యువకులు వైద్యుని చీటీ లేకయే ట్రమడాల్ వేసికొనుచున్నారు. ఏ ఏ ద్రవ్యములున్నవో వ్రాయని “శక్తి చూర్ణములు” సంతలలోను, బస్టాండ్ల వద్దను అమ్ముడగుచున్నవి.

స్తంభనము వేరు, పోషణము వేరు. నల్లమందు శుక్రమును కొంతసేపు నిలుపును, పెంచదు. ఆ రాత్రికి మేలుగా కనబడినది, నెలలు గడచునప్పటికి మూలమునే ఎండగట్టును. వాజీకరణమను గౌరవమైన పేరుతో దీనిని అమ్ము వైద్యుడు రోగికి అప్పిచ్చి ఇల్లు వ్రాయించుకొనువానివంటివాడు. ఈ యోగములను ఆ ప్రయోజనమునకు మనమే మానవలెనని నా అభిప్రాయము. శాస్త్రద్రోహమని ఎవరైనను అన్నచో, పుంస్త్వనాశనమన్నదియు శాస్త్రమే యని నా సమాధానము.

ఎట్లు గుర్తించవలెను?

శుక్రక్షయ లక్షణములుగా చరకుడు చెప్పినవి: దుర్బలత్వము, నోరెండుట, పాలిపోవుట, అవయవముల నీరసము, శ్రమ, క్లైబ్యము, శుక్రము వెడలకుండుట. టెస్టోస్టెరాన్ తగ్గినవానిలో నేటి వైద్యులు చూచునవి: అలసట, రక్తహీనత, కండ తరుగుట, కోరిక లేకుండుట, అంగస్తంభన లోపము, మనసు క్రుంగుట, ఒంటికి ఆవిరులు వచ్చుట, సంతానము కలుగకపోవుట, ఏండ్లు గడచినకొలది ఎముకలు పెళుసగుట. వీనిలో రెండు మూడు కనబడి, మనిషి మూడు నెలలకు మించి నల్లమందు జాతి మాత్ర వాడుచున్నచో, ముందు అనుమానింపవలసినది ఆ మాత్రనే.

అనుమానమును రక్తపరీక్షతో రుజువు చేసికొనవలెను. టెస్టోస్టెరాన్ ఉదయము అధికముగా నుండును గనుక ఏడు, పది గంటల నడుమ పరగడుపున రక్తమీయవలెను. ఒకసారి తక్కువ వచ్చినచో మరియొక దినము రెండవసారి చూడవలెను. నాడిజ్ఞానము దీనికి చాలునని నేను అనను. మధుమేహము, స్థూలకాయము, మద్యము, ఇతర వ్యాధులు కూడ దీనిని తగ్గించును గాన వానిని కూడ విచారింపవలెను. స్త్రీలలో ఈ మాత్రల వలన ఋతుక్రమము తప్పుట కలదు. వారిని గూర్చి వేరొక వ్యాసము అవసరము.

ఏమి చేయవలెను? ఏమి చేయకూడదు?

ఒకటి: ఈ వ్యాసము చదివి నేటి రాత్రియే మాత్ర మానకూడదు. నెలల తరబడి వాడినదానిని హఠాత్తుగా విడిచినచో చెమటలు, వణకు, విరేచనములు, నిద్రలేమి, విపరీతమైన ఆందోళన కలుగును. వ్రాసియిచ్చిన వైద్యుని వద్దకే వెళ్లి, క్రమక్రమముగా తగ్గించుకొనవలెను. “నాకు కోరిక తగ్గినది” అని ఆయనతో సిగ్గుపడక చెప్పవలెను. అనేకులలో మందు మానిన కొన్ని వారములకో నెలలకో రసము తిరిగి పుట్టును.

రెండు: కేన్సరు నొప్పితో బాధపడువారికి మార్ఫిన్ వరము. అట్టివారి యింటివారు ఈ వ్యాసము చూపి మందు మాన్పించినచో అది పాపము. హైదరాబాదులోని ఎమ్.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రిలో నొప్పి ఉపశమన చికిత్సా విభాగము కలదు. అట్టి రోగులకు మార్ఫిన్ సులభముగా అందవలెననియే 2014 లో మాదకద్రవ్యముల చట్టమును సవరించిరి. అట్టివారిలోను టెస్టోస్టెరాన్ తగ్గినచో దానికి తగు చికిత్సను వైద్యుడే ఆలోచించును.

మూడు: ఎవరో చెప్పిరని టెస్టోస్టెరాన్ సూదులు వేయించుకొనకూడదు. వెలుపలనుండి అది వచ్చినచో బీజోత్పత్తి మరింత తగ్గును. సంతానము కోరువారికి ఇది మిక్కిలి హాని.

నాలుగు: ట్రమడాల్ షెడ్యూల్ హెచ్-1 లోనిది, అమ్మినవారు చీటీ వివరములను పుస్తకములో వ్రాసి మూడేండ్లు భద్రపరచవలెను. 2018 ఏప్రిల్ నుండి అది మాదకద్రవ్యముల చట్టము క్రిందికిని వచ్చినది. పాత చీటీకి ఇచ్చు దుకాణదారుడు ఉపకారము చేయుటలేదు.

అయిదు: నొప్పికి మూలమును చూడవలెను. పనిభారముచే వచ్చు నడుమునొప్పికి గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయుట, గోరువెచ్చని నువ్వులనూనె మర్దన, వావిలాకు వేసి కాచిన నీటి కాపడము, మలబద్ధమున్నచో వైద్యుని సలహాపై శొంఠి కషాయములో ఆముదము మా ఇండ్లలో తరతరములుగా మేలుచేయుచున్నవి. అయితే కాలు బలహీనపడినను, తిమ్మిరి యెక్కినను, మూత్రము పట్టు తప్పినను ఇంటివైద్యము మాని వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఆరు: మాత్ర తగ్గిన పిమ్మట పోషణమునకు చోటు కలుగును. పాలు, నెయ్యి, మినుములు, నువ్వులు, ఖర్జూరము జీర్ణశక్తి ననుసరించి తినవలెను. రాత్రి నిద్ర, ఉదయపు నడక ముఖ్యములు. అశ్వగంధాదులు అప్పుడు వైద్యుని పర్యవేక్షణలో వాడుకొనవచ్చును. కాలేయ, థైరాయిడ్ వ్యాధులున్నవారు అడుగక వాడరాదు.

ఆ నేతగాడు ఏమైనాడో చెప్పి ముగింతును. పట్టణములోని ఒక ఎముకల వైద్యుని వద్దకు నేనే వెంటబెట్టుకొని పోతిని. రక్తము చూడగా టెస్టోస్టెరాన్ ఉండవలసిన కనిష్ఠములో సగమునకు పడిపోయి యుండెను. ఆ వైద్యుడు మూడు నెలలలో మాత్రను మెట్లు మెట్లుగా దించెను. నేను నడుమునకు తైలము, కాపడము చూచితిని. మగ్గము వద్ద గంటకొకసారి లేచుటకు భార్య పిలుచుచుండెను. నొప్పి పూర్తిగా పోలేదు. పని చేసికొనునంత తగ్గినది. ఆరవ నెలలో పరీక్ష బాగుగా వచ్చెను. అరుగు మీది పక్క లోనికి పోయినదని అతడు చెప్పలేదు, భార్యయు చెప్పలేదు. ఇద్దరును కలిసి వచ్చి, తాము నేసిన తువ్వాళ్ల జత నా బల్లమీద పెట్టి నవ్విరి. నాకు చాలినది.

తోటి వైద్యులకు నా విన్నపము. “నరాల బలహీనత” అను మాట వినబడినపుడు మందుపెట్టె తెరువకముందు, “నొప్పికి ఏమైనా మాత్ర వేయుచున్నావా నాయనా? ఆ పట్టీ తెచ్చి చూపుము” అనుడు. పాఠకులకును అదియే విన్నపము. మీరు వేయుచున్న ప్రతి మాత్ర పట్టీని, మేము అడుగకపోయినను, మా ముందుంచుడు. ఆ ఇల్లాలు అట్లుంచినందువలననే నేను వైద్యుడనైతిని.